సేవా సంగమం: శ్రీమతి పొణకా కనకమ్మ గారి జీవితం

దానం చేసినవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. చెరువులు త్రవ్వించినవారు, సత్రాలు కట్టించినవారు, అన్నదానం చేసి పేరు గడించినవారు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. కాని తాను తలపెట్టిన మంచిపనిని నలుగురి పనిగా మార్చి, ఆ నలుగురిని ఒక సమాజంగా కూర్చి, తన తదనంతరం కూడా ఆ పని ఆగిపోకుండా నిలిపినవారు బహు కొద్దిమంది. అట్టి కొద్దిమందిలో మన నెల్లూరు సీమ ఆడపడుచు శ్రీమతి పొణకా కనకమ్మ గారు ఒకరు. ఆమె జీవితంలోని ముఖ్య ఘట్టాలను మన విద్యార్థినీ విద్యార్థుల ముందుంచడమే ఈ చిన్న వ్యాసంలో మా ఉద్దేశం.

కనకమ్మ గారు 1892వ సంవత్సరం జూన్ 10వ తేదీన మినగల్లు గ్రామంలో మరుపూరు వారి ఇంట జన్మించారు. కలిగిన కుటుంబమే అయినప్పటికీ ఆనాటి ఆచారం ఆమెను బడికి పోనివ్వలేదు. పదేళ్ళు నిండకముందే పొట్లపూడి వాస్తవ్యులు పొణకా సుబ్బరామిరెడ్డి గారితో వివాహం జరిగింది. మగపిల్లలకే చదువు అరుదుగా ఉన్న ఆ కాలంలో, అత్తవారింట అడుగుపెట్టిన బాలికకు చదువెక్కడిది? అయినా ఆమె నిరాశ చెందలేదు. ఇంటిపనులు ముగించుకొని, దొరికిన పుస్తకమల్లా చదివి, తెలుగులో పాండిత్యం సంపాదించారు. సంస్కృతంలోను, హిందీలోను ప్రవేశం కలిగించుకొన్నారు. క్రమంగా పద్యరచనకు పూనుకొని పత్రికలకు రచనలు పంపసాగారు. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ గారితో కలిసి జంటగా కవిత్వం చెప్పారు. ఒక కులం, ఒక ఇల్లు అనే ఎల్లలను దాటి ఇద్దరు స్త్రీలు స్నేహంతో కావ్యరచన సాగించడం ఆ దినాల్లో సామాన్యమైన విషయం కాదు.

విద్య తనకు దొరకని వస్తువు గనుకనే దాని విలువ ఆమెకు బాగా తెలిసింది. పొట్లపూడిలో సుజన రంజనీ సమాజాన్ని, వివేకానంద గ్రంథాలయాన్ని స్థాపించడంలో దంపతులిద్దరూ పాటుపడ్డారు. చదువును వ్యాపింపజేయడం, అస్పృశ్యతను రూపుమాపడం ఈ సమాజపు పనులు. పెద్దింటి కోడలు అంటరానివారని దూరంగా ఉంచబడిన వారి వాడలోకి అడుగుపెట్టడం ఊరివారికి రుచించలేదు. అయినా ఆమె వెనుకంజ వేయలేదు. తరువాతి కాలంలో యానాదుల అభ్యున్నతికై జీవితాన్ని ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు ఆమెకు తోడుగా నిలిచినవారే.

వందేమాతరం ఉద్యమ కాలం నుండి దేశ వ్యవహారాలు ఆమె మనస్సును ఆకర్షించాయి. తొలి రోజుల్లో విప్లవ మార్గం పట్ల మొగ్గు చూపినా, పిమ్మట ఆమె గాంధీజీ మార్గాన్ని వరించారు. పెన్నానది ఒడ్డున పల్లిపాడులో వెలసిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య గారలు నడిపిన ఆ ఆశ్రమానికి భూమిని సమకూర్చి, అండగా నిలిచినవారు కనకమ్మ గారు. రాట్నం, ఖద్దరు ఆమె నిత్యజీవితంలో భాగమైనాయి.

అయితే ఆమె జీవితకార్యమని చెప్పదగినది స్త్రీ విద్య. 1923లో నెల్లూరులో బాలికల కొరకు శ్రీ కస్తూరిదేవి విద్యాలయాన్ని ఆమె నెలకొల్పారు. గాంధీజీ సతీమణి పేరిట వెలసిన ఆ పాఠశాల కొద్దిమంది బాలికలతో ఆరంభమైంది. అక్షరాలతోపాటు నూలు వడకడం, చేతిపనులు కూడా నేర్పడం, తన కాళ్ళపై తాను నిలబడగల స్త్రీని తయారు చేయడం దాని ఆశయం. సొంత సొమ్ము చాలనప్పుడు ఆమె ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. ఒకరికి పెట్టే చేయి ఇతరుల ముందు చాచడం కలిగినవారికి ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు. తన కొరకు కానప్పుడు యాచన అవమానం కాదని ఆమె ఎంచారు. 1929 మే నెలలో గాంధీజీ నెల్లూరు వచ్చినప్పుడు విద్యాలయ భవనానికి శంకుస్థాపన చేశారు.

ఇట్టి కృషి ఒక్క నెల్లూరులోనే జరిగిందని తలచరాదు. దాదాపు అదే యుగంలో, తమను ఎవ్వరూ ఆదరించని చోట స్త్రీలు తమకు తామే సంఘాలుగా ఏర్పడిన ఉదాహరణలు లోకంలో పెక్కు ఉన్నాయి. అమెరికాలో నల్లజాతి స్త్రీలు 1896లో ఒక జాతీయ సంఘంగా ఏర్పడి, బాలల సంరక్షణకు, వృద్ధుల పోషణకు, పాఠశాలల స్థాపనకు పాటుపడ్డారు. బానిసత్వం అనుభవించిన తల్లిదండ్రులకు పుట్టిన మేరీ మెక్లాయిడ్ బెథూన్ 1904లో ఫ్లోరిడా రాష్ట్రంలో చేతిలో ఒకటిన్నర డాలరుతో, అయిదుగురు బాలికలతో పాఠశాల తెరిచింది. అది తరువాత కళాశాలగా ఎదిగింది. కలకత్తా నగరంలో బేగం రొకేయా 1911లో ముస్లిం బాలికల పాఠశాలను నడపనారంభించి, 1916లో ముస్లిం స్త్రీల అంజుమన్‌ను స్థాపించింది. బెథూన్ పేదరికం నుండి, రొకేయా పరదా నుండి, కనకమ్మ గారు పెద్దింటి గడప నుండి బయలుదేరారు. వేరువేరు దారులలో నడిచినా ముగ్గురూ చేరిన చోటు బాలికల పాఠశాలయే కావడం గమనింపదగిన విషయం.

ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. 1930లోను, తిరిగి 1932లోను కనకమ్మ గారు కారాగారవాసం అనుభవించారు. నడిపేవారే చెరసాల పాలైన ఆ రోజుల్లో విద్యాలయం కూడా ఒడుదుడుకులకు లోనైంది. అయినా దాని వేరు ఎండిపోలేదు. అనంతర కాలంలో అది మళ్ళీ చిగురించింది. ఆమె చేయూత విద్యారంగంతో ఆగలేదు. జమీందారీ రైతుల కష్టాలను వెల్లడించడానికి వెలసిన జమీన్ రైతు పత్రికకు తొలిదశలో ఆమె చేసిన సహాయం మరువరానిది. తానే భూస్వామి కుటుంబానికి చెందియుండి రైతు పక్షాన నిలవడం ఆమె న్యాయబుద్ధికి తార్కాణం.

ఇంతటి జీవితానికి దుఃఖం తప్పలేదు. సాహిత్యాభిరుచి గల ఒక్కగానొక్క కుమార్తె వెంకటసుబ్బమ్మ చిన్న వయస్సులోనే కన్నుమూసింది. ఆ కడుపుకోతతో కుమిలిపోయిన తల్లి రమణ మహర్షి సన్నిధిలో శాంతిని వెదకుకొన్నారు. క్రమేణ ఆస్తి కరిగిపోయింది. ఒకనాడు ఎందరికో అన్నం పెట్టిన ఇల్లాలు కడపటి దినాలను లేమిలో గడిపి, 1963 సెప్టెంబరు 15వ తేదీన పరమపదించారు. ఆమె స్వయంగా వ్రాసుకొన్న జీవితచరిత్ర కనకపుష్యరాగం పుస్తకరూపంలో వెలువడడానికి 2011వ సంవత్సరం వరకు వేచియుండవలసి వచ్చింది. దాత చేతిలో ఉన్నంతకాలం ఆమె చుట్టూ చేరిన లోకం, ఆ చేయి ఖాళీ అయిన పిమ్మట ఆమెను ఎంతవరకు తలచుకొన్నదని ప్రశ్నించుకొంటే మనం తలవంచుకోక తప్పదు.

మన సంగం గ్రామానికి ఆ పేరు ఏరులు వచ్చి పెన్నలో కలవడం వలన ఏర్పడింది. ఏ ఏరు నీరు ఏదో విడదీసి చెప్పడం సాధ్యం కాదు. ఇక్కడి ఆనకట్ట ఆ నీటినంతటిని నిలిపి కాలువల ద్వారా పొలాలకు పంపుతుంది. సేవాసమాజం చేసే పని కూడా ఇటువంటిదే అని మాకు తోస్తుంది. విడివిడిగా పారితే ఇసుకలో ఇంకిపోయే చిన్న చిన్న ఉపకారాలను అది ఒకచోట చేర్చి అవసరమైన చోటికి మళ్ళిస్తుంది. కనకమ్మ గారి ఆస్తి ఇంకిపోయింది. ఆమె కట్టిన ఆనకట్ట మాత్రం నిలిచి, తరతరాల బాలికలకు చదువునిచ్చింది.

విద్యాసంస్థల నిర్వహణ భారాన్ని వహిస్తున్న పెద్దలకు ఈ చరిత్ర ఒక విషయాన్ని తెలియజేస్తున్నది. సంస్థను నిలపడం ఎంత ముఖ్యమో, దానికై అరిగిపోయిన మనిషిని ఆమె బ్రతికి ఉండగానే ఆదరించడం అంత ముఖ్యం. ఇక మన విద్యార్థినులకు మేము చెప్పదలచినది ఒక్కటే. బడిముఖం చూడని ఒక స్త్రీ పాఠశాలను కట్టగలిగినప్పుడు, కళాశాల మెట్లెక్కిన మీరు నలుగురు కూడి మీ వీధిలో చదువురాని ఒక తల్లికి అక్షరాలు దిద్దించలేరా? నలుగురు నాలుగు గంటల కాలాన్ని కేటాయిస్తే అది సమాజం అవుతుంది. ఆ మహనీయురాలికి మనం అర్పించగల నివాళి అంతకుమించినది లేదని మా విశ్వాసం.