ఆంధ్రకేసరి బాల్యం

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో జన్మించారు. పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించగా, సంసారభారం తల్లి సుబ్బమ్మగారిపై పడింది. ఆమె ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను సాకారు. ఆ రోజుల్లో ఆ వృత్తిని లోకం చిన్నచూపు చూసేది.

ఆ చిన్నచూపు ఎంత కుంగదీస్తుందో నాకు తెలుసు. మా అమ్మ కూడా పరుల ఇళ్ళలో వంటచేసి నన్ను చదివించింది. బడిలో ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పలేకపోయేవాణ్ణి. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అల్లరిచిల్లరగా తిరిగే ప్రకాశంగారిని ఉపాధ్యాయులు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు చేరదీసి, తనవెంట రాజమండ్రి తీసుకువెళ్ళి చదివించారు. ఆ కుర్రవాడే ప్లీడరై, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై, ఆర్జించినదంతా దేశానికి ధారపోశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మే 20న కన్నుమూసేనాటికి ఆస్తిపాస్తులేమీ మిగుల్చుకోలేదు.

తల్లి రెక్కల కష్టానికి ఒక గురువు చేయూత తోడైంది. నా పరీక్ష ఫీజు కట్టింది మా లెక్కల మాస్టారు. ఆ బాకీ తీర్చుకుందామంటే ఆయన లేరు. అందుకే ఏటా జూన్‌లో పెన్షను అందగానే మా వీధిలో ఒక పిల్లవాడికి పుస్తకాలు కొంటున్నాను. సోదర పెన్షనర్లు కూడా ఆలోచించవలసిందిగా ప్రార్థన.