ఆసియా పేరు గల గ్రహశకలం

కుజ, గురు గ్రహాల కక్ష్యల మధ్య అసంఖ్యాకమైన శిలాఖండాలు సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తున్నాయి. వీటినే గ్రహశకలాలంటారు. వాటిలో ఒకదానికి మన ఖండం పేరు పెట్టిన ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ రాబర్ట్ పోగ్సన్.

పోగ్సన్ 1829 మార్చి 23న ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో జన్మించారు. ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకునిగా పనిచేస్తూ 1856లో ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు. వేధశాల అధిపతి జాన్సన్ దానికి ఐసిస్ అని నామకరణం చేశారు. అది ఈజిప్టు దేవత పేరు. పోగ్సన్ కుమార్తె పేరు కూడా. నక్షత్రాల కాంతి తరగతుల మధ్య 2.512 రెట్ల నిష్పత్తిని ఆయన ప్రతిపాదించినది కూడా ఆ సంవత్సరమే. అది నేటికీ పోగ్సన్ నిష్పత్తిగా ప్రసిద్ధం.

1861లో ఆయన మదరాసు వేధశాల బాధ్యతలు స్వీకరించారు. నక్షత్రాలు పటంలో ఉన్న చోటనే కనిపిస్తాయి. గ్రహశకలం మాత్రం రాత్రి రాత్రికీ స్థానం మార్చుకుంటుంది. ఆ స్వల్ప చలనాన్ని పసిగట్టడానికి అపారమైన ఓర్పు అవసరం. ఆ ఓర్పు ఆయనకు పుష్కలంగా ఉంది. ఏప్రిల్ 17న ఒక కొత్త గ్రహశకలం ఆయన దృష్టికి చిక్కింది. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొట్టమొదటి గ్రహశకలం అదే. అందువల్ల దానికి ఆసియా అని పేరు పెట్టారు. ఆ పిమ్మట శాఫో, సిల్వియా, కమిలా, వేరా అనే మరి నాలుగింటిని మదరాసు నుండే కనుగొన్నారు. ఆక్స్‌ఫర్డులో కనుగొన్న మూడింటితో కలిపి మొత్తం ఎనిమిది.

1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పోగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించారు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో పరిశీలన జరిపారు. సూర్యుని వర్ణపటంలో ఆనాడు కనిపించిన పసుపు రేఖ హీలియం అనే మూలకానిదని తరువాతి కాలంలో తేలింది.

వేధశాలలో సిబ్బంది కొరత ఆయనను నిరంతరం బాధించింది. 1880లో రఘునాథాచారి మరణంతో సమర్థుడైన సహచరుడు దూరమయ్యారు. 1873 నుండి సహాయకురాలిగా ఉన్న కుమార్తె ఐసిస్ తండ్రికి అండగా నిలిచారు. రాత్రులు పరిశీలనకు, పగళ్ళు గణనలకు చాలక, ఏళ్ళ తరబడి సేకరించిన నక్షత్ర వివరాలలో అధికభాగం అచ్చు కాకుండానే మిగిలిపోయింది. ముప్పై సంవత్సరాల సేవానంతరం, 1891 జూన్‌లో పోగ్సన్ మదరాసులోనే కన్నుమూశారు. ఆయన శ్రమఫలమైన నక్షత్ర పట్టికలను వారసుడు మిచీ స్మిత్ ప్రకటించారు.

1968లో కనుగొన్న 1830వ సంఖ్య గల గ్రహశకలానికి శాస్త్రజ్ఞులు పోగ్సన్ అని పేరు పెట్టారు. ఆకాశానికి ఆసియా పేరును అందించిన ఆయన పేరు కూడా ఆ ఆకాశంలోనే నిలిచింది.