పేకముక్కలకు లెక్కలు నేర్పిన పండితుడు

పేకముక్కలతో గారడి చూపువారిలో రెండు తెగలు గలవు. ఒక తెగవారికి వ్రేళ్ళే బలము. ముక్కను అరచేత దాచుట, అడుగున ఉన్నదానిని పైకి తెచ్చుట, కట్టను కలిపినట్లు కనబరచి కలపకుండుట మున్నగు హస్తలాఘవమును వారు అద్దము ముందు నిలిచి ఏండ్ల తరబడి సాధింతురు. రెండవ తెగవారికి వ్రేళ్ళతో అంత పని లేదు. ముక్కలను ఒక క్రమమున పంచి, ఒక క్రమమున పేర్చిన చాలును. తక్కిన పనిని సంఖ్యలే నెరవేర్చును. ఈ రెండవ విద్యకు మంచి పుస్తకమేదియని వెదకుచు పోవువారు తుదకు చేరు గ్రంథములలో నొకటి 1612వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున అచ్చయినది. దానిని వ్రాసినవాడు గారడివాడు కాడు. గ్రీకు, లాటిను భాషలలో దిట్ట, కవి, గణితవేత్త. అతని పేరు క్లోద్ గాస్పార్ బాషే ద మెజిరియాక్.

బాషే 1581 అక్టోబరు 9వ తేదీన బూర్క్-ఆన్-బ్రెస్ పట్టణమున జన్మించెను. అప్పటికి ఆ సీమ సవాయ్ ప్రభువుల ఏలుబడిలో నుండెను. 1601లో జరిగిన సంధి వలన ఫ్రాన్సులో చేరినది. ఆరేండ్ల ప్రాయముననే అతడు తల్లిదండ్రులను కోల్పోయెను. జెసూట్ గురువుల యొద్ద చదివి, ఇరువదవ యేట ఆ సంఘముననే చేరెను గాని, దేహము సహకరింపకపోవుటచే అనతికాలముననే దానిని వీడవలసి వచ్చెను. ఈ అనారోగ్యము జీవితాంతము అతనిని వదలలేదు. పిత్రార్జితమైన భూములు గలవు గనుక కూటికి కరవు లేదు. పారిస్ నగరమున కొంతకాలమున్నను, అతని మనసు స్వగ్రామముననే నిలిచెను. బాలుడైన 13వ లూయీ రాజునకు గురువుగా అతనిని నియమింప దలచిరనియు, ఆ మాట చెవిని పడినంతనే అతడు పారిస్ విడిచి పరుగున ఇల్లు చేరెననియు చెప్పుదురు. కొలువు తప్పించుకొనుటకై పరుగెత్తిన పండితులు ఏ దేశమునను అరుదే!

అట్టివాడు పేకముక్కల జోలికేల పోయెనను సందేహము కలుగవచ్చును. ఆ కాలపు పరిస్థితిని తలచినచో ఇది బోధపడును. మాయల గుట్టు తెలుపు వ్రాతలు అంతకు మునుపే పుట్టినవి. 1584లో ఇంగ్లండున రెజినాల్డ్ స్కాట్ అను నతడు, చేతబడి యని జనులు భ్రమించునవి చేతివాటపు పనులేయని చాటుచు పేక గారడులను గూడ వివరించెను. అయితే అట్టి వ్రాతలు తెలుపునది ఎట్లు చేయవలెననుట మాత్రమే. ఎందువలన తప్పక జరుగుచున్నదో తెలుపుటకు గణితజ్ఞుడు కావలసెను. బాషే తన గ్రంథమునకు సంఖ్యలతో సాధింపదగిన ఉల్లాసకరములు, మనోహరములు అయిన సమస్యలని పేరిడి, చిత్రమును చెప్పి ఊరకొనక, దాని వెంటనే నిరూపణమును గూడ జోడించెను. చేయి తిరిగినవానికి గారడి యొకసారి తప్పవచ్చును. నిరూపణము గల గారడి, పంపకము సరిగా నున్నంత వరకు తప్పదు.

ఆ గ్రంథమున కానవచ్చు మూడు కుప్పల చిత్రమునే చూడుడు. దీనిని నేడు సాధారణముగా 27 ముక్కలతో ప్రదర్శింతురు. చూచువాడు ఒక ముక్కను మనసున తలచుకొనును. ప్రదర్శించువాడు ముక్కలను ముఖము పైకి కనబడునట్లు ఒక్కొక్కటిగా మూడు కుప్పలకు పంచి, తలచిన ముక్క ఏ కుప్పలో నున్నదో అడుగును. ఆ కుప్పను తక్కిన రెంటి నడుమ నుంచి, క్రమము చెడకుండ కట్టను మరల పంచును. ఇట్లు మూడు మారులు చేసిన పిమ్మట, తలచిన ముక్క పైనుండి లెక్కింపగా సరిగా 14వది యగును. ఇందు దాచుట లేదు, మార్చుట లేదు. మొదటి ప్రశ్నతో 27లో 9 మాత్రమే మిగులును. అవి కట్టలో 10 మొదలు 18 వరకు గల తావులలో నుండును. మరల పంచగా ఆ తొమ్మిదియు కుప్పకు మూడేసిగా చీలును. రెండవ ప్రశ్నతో మూడే మిగిలి 13, 14, 15వ తావులకు చేరును. మూడవ పంపకమున ఆ మూడును మూడు కుప్పలకు పోవును. ఇక మూడవ ప్రశ్నకు దొరకనిదేమున్నది? విద్యార్థుల చేతికి పేక నిచ్చుటకు జంకు ఉపాధ్యాయులు 27 చీటీలపై అంకెలు వ్రాసికొన్నను ఇదే ఫలము కలుగును.

జతల చిత్రము దీనికన్న సొగసైనది. 20 ముక్కలను రెండేసి చొప్పున 10 జతలుగా పరచి, ఒక జతను తలచుకొమ్మందురు. పిదప వానిని వరుసకు ఐదేసి చొప్పున నాలుగు వరుసలుగా పేర్చి, తలచిన రెండు ముక్కలును ఏయే వరుసలలో నున్నవని అడుగుదురు. చెప్పినంతనే ఆ జత బయటపడును. కిటుకంతయు పేర్పులో గలదు. ప్రతి వరుసలోను ఒక జత మొత్తముగా ఇమిడి యుండును. అందలి మిగిలిన మూడు ముక్కల జోళ్ళు, తక్కిన మూడు వరుసలలో నొక్కొక్కటి చొప్పున ఉండును. ఒకే వరుసలో ఇమిడిన జతలు 4, రెండు వరుసలకు పంచబడినవి 6, వెరసి 10. కావున ఏ రెండు వరుసలను పేర్కొన్నను, ఆ రెంటికిని ఉమ్మడియైన జత ఒక్కటే యుండును. నల్లబల్లపై ఒక పట్టిక గీచి చూపినచో చిన్న తరగతివారికిని ఇది తెలియును.

తూనికరాళ్ళ సమస్యయు ఈ గ్రంథముననే కలదు. త్రాసు రెండు పళ్ళెములలోను రాళ్ళు వేయ వీలున్నచో 1, 3, 9, 27 అను నాలుగు రాళ్ళతో 1 మొదలు 40 వరకు ఏ బరువునైనను తూచవచ్చును. కుప్పల చిత్రమున పని చేసిన మూడింటి హెచ్చవేతయే ఇచటను పని చేయుచున్నది. పేక వేరు, త్రాసు వేరు, లెక్క యొక్కటే. అయితే కుప్పల చిత్రమును గూర్చి బాషే చేసిన విచారణ సమగ్రము కాదని తరువాతివారు ఎన్నిరి. దానిని సాధారణ సూత్రముగా విస్తరించిన కీర్తి 1813-14లో తన గణిత పత్రికలో వ్రాసిన జెర్గాన్‌కు దక్కినది.

1621లో బాషే, గ్రీకు గణితజ్ఞుడైన డయోఫాంటస్ గ్రంథమును మూలముతోను, లాటిను అనువాదముతోను, వ్యాఖ్యలతోను ప్రకటించెను. పేక పుస్తకమును ఆటవిడుపుగా భావించినను, దీనిని మాత్రము అతడు తపస్సువలె చేసెను. ఏ పూర్ణసంఖ్యనైనను నాలుగింటికి మించని వర్గముల మొత్తముగా వ్రాయవచ్చునని ఇందు పేర్కొని, 325 వరకు ఒక్కొక్క సంఖ్యనే తీసికొని పరీక్షించెను. పేకముక్కలకు సైతము నిరూపణము కోరిన ఆ మనిషి, ఇచట నిరూపణము తనకు చిక్కలేదని దాపరికము లేక తెలిపెను. అది 1770లో లగ్రాంజ్‌కు చిక్కినది. ఈ 1621 ముద్రణ ప్రతి యొకటి ఫెర్మా చేత పడెను. దాని అంచున అతడు వ్రాసికొనిన ఒక చిన్న వాక్యమును ఋజువు చేయుటకై మూడు వందల యేండ్లకు పైగా ప్రపంచము శ్రమించి, 1994లో ఆండ్రూ వైల్స్ వలన కృతార్థమైనది. ఆ ప్రతి నేడు లేదు. ఫెర్మా కుమారుడు 1670లో ఆ వ్రాతలను అచ్చొత్తించినందున అవి మనకు దక్కినవి.

ఫ్రెంచి అకాడమీ వెలసినపుడు బాషేను సభ్యునిగా గైకొనిరి. వ్యాధిచే కదలలేక అతడు పారిస్‌కు పోజాలడయ్యెను. అతని ప్రసంగమును 1635లో మిత్రుడు వోజ్లా చదివి వినిపించెను. 1638 ఫిబ్రవరి 26న బాషే పుట్టిన యూరనే కన్నుమూసెను.

1612 నాటి ఆ పేక పుస్తకము 1624లో హెచ్చులతో మరల అచ్చయి, పిదప చాలకాలము పాతపుస్తకముల నడుమ మరుగుపడెను. 1874లో లాబోన్ అనునతడు భాషను సరళము చేసి వెలువరింపగా మరల చదువరుల చేతికి వచ్చినది. 1892లో ఇంగ్లండున రౌస్ బాల్ రచించిన గణిత వినోద గ్రంథము బాషేను పేరుతో సహా స్మరించుచు, ఈ కుప్పల చిత్రమును, జతల చిత్రమును వివరించినది. ఫ్రెంచి రాని మన విద్యార్థులు ఆ గ్రంథమున పేకను గూర్చిన పుటలను తెరచి, ప్రక్కన ఒక కట్ట నుంచుకొని కూర్చుండవచ్చును.