కవులకు తలుపు తెరిచిన హారియట్ మన్రో

హారియట్ మన్రో 1860లో అమెరికాలోని షికాగో నగరంలో జన్మించారు. ఆమెకు కవిత్వమంటే ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడ కవిత్వానికి గిరాకీ లేదు. షికాగో ప్రపంచ ప్రదర్శన కోసం ఆమె రాసిన గీతం ప్రతులు అమ్ముడుపోక, చలికాలంలో పొయ్యిలో కాలిపోయాయి.

అయినా ఆమె నిరాశపడలేదు. నగరంలో సుమారు వందమంది సంపన్నులను కలిసి, అయిదేళ్లపాటు ఏటా 50 డాలర్లు ఇచ్చేలా ఒప్పించారు. ఆ డబ్బుతో 1912లో ‘పొయట్రీ’ పత్రిక స్థాపించారు. పేరున్నవారైనా, కొత్తవారైనా కవిత బాగుంటే ప్రచురించి పారితోషికం ఇచ్చేవారు.

ఆ ఏడాది డిసెంబరు సంచికలో మన రవీంద్రనాథ్ ఠాగూర్ కవితలు వచ్చాయి. అప్పటికి ఆయనకింకా నోబెల్ బహుమతి రాలేదు. ఆయన పుట్టిన జొరాసాంకో మన లిలువా నుంచి హుగ్లీ నది దాటితే దగ్గరే.

1917లో ఆలిస్ కార్బిన్ హెండర్సన్‌తో కలిసి ఆమె ఆనాటి కొత్త కవితలను ఏరి ఒక సంకలనం తెచ్చారు. అందులో అమెరికా కవులతోపాటు ఠాగూర్ కూడా ఉన్నారు. తెలుగులో 1935లో ముద్దుకృష్ణ కూర్చిన ‘వైతాళికులు’ ఇలాంటి సంకలనమే. మన్రో 1936లో పెరూ దేశంలో కన్నుమూశారు.

మిత్రులారా! నాన్నగారికి బదిలీ అయితే పుస్తకాలన్నీ మోసుకెళ్లలేం. ఒక్క మంచి సంకలనం ఉంటే ఎందరో కవులు మన వెంట వస్తారు. అందులో నచ్చిన కవి పేరు రాసుకోండి. కొత్త ఊరి గ్రంథాలయంలో ఆ కవి పుస్తకం అడగండి.