చుక్క గుర్తు పెద్దాయన
ఎనభై ఏళ్ళ వయసులో పార్టీ పెట్టిన రాజాజీ.. ఎనిమిదేళ్ళలో పైకి, నాలుగేళ్ళలో కిందికి

హోసూరు: తొరపల్లి అంటే మన హోసూరు వాళ్ళకు పరిచయం చేయక్కర్లేదు. చక్రవర్తి రాజగోపాలాచారి 1878 డిసెంబరులో పుట్టింది అక్కడే. తండ్రి ఆ ఊరి మునసబు. పుట్టిన ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా ఉంచింది. తమిళం, తెలుగు, కన్నడం మూడూ వీధిలో వినిపించే ఈ చోట పెరిగి, హోసూరు బడిలో అక్షరాలు దిద్ది, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివి, మద్రాసులో లా పూర్తిచేసి, 1900లో సేలంలో ప్లీడరుగా బోర్డు పెట్టారు.

గవర్నర్ జనరల్ పదవి, గాంధీగారితో వియ్యం, రామాయణ భారతాలు.. ఇవన్నీ బడి పిల్లలకూ తెలుసు. ఆయన చివరి పన్నెండు, పదమూడేళ్ళ సంగతి మాత్రం మనోళ్ళలో చాలామందికి తెలీదు. ఆ ఏళ్ళలో ఆయన ఒక ప్రతిపక్ష పార్టీని పుట్టించి, దేశంలోకెల్లా పెద్ద ప్రతిపక్షంగా నిలబెట్టి, అది కూలిపోతుంటే చూస్తూ వెళ్ళిపోయారు. ఆ పార్టీ పేరు స్వతంత్ర. గుర్తు చుక్క. మందు చుక్క పేరెత్తితేనే మండిపడే మనిషి పార్టీకి చుక్క గుర్తు రావడం కాకతాళీయమే లెండి.

సేలం నుంచి ఢిల్లీ దాకా

సేలం మునిసిపల్ ఛైర్మన్‌గా 1917 నుంచి 1919 వరకు పనిచేశారు. ఆ తర్వాత గాంధీగారి వెంట నడిచి ప్రాక్టీసు వదిలేశారు. వేలూరు జైలు చూశారు. 1925లో తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం పెట్టి ఖద్దరు పని, మద్యనిషేధం ప్రచారం చేశారు. 1930లో తిరుచ్చి నుంచి వేదారణ్యం వరకు ఉప్పు యాత్ర నడిపారు.

1937లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. అదే ఏడు అక్టోబరు 1 నుంచి సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. కల్లు, సారా మీద వచ్చే రాబడి పోయింది కాబట్టి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. రైతుల అప్పులు తగ్గించే చట్టం చేశారు. బడుల్లో హిందీ తప్పనిసరి చేసి, వ్యతిరేకించిన వాళ్ళను జైళ్ళకు పంపారు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోండి, ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది.

1942లో క్విట్ ఇండియా పిలుపును కాదని కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. పార్టీలో చాలామంది దాన్ని మరిచిపోలేదు. 1948 జూన్‌లో గవర్నర్ జనరల్ అయ్యారు, ఆ పదవిలో కూర్చున్న ఒకే ఒక్క భారతీయుడు ఆయనే. 1950లో తొలి రాష్ట్రపతిగా ఆయనే ఉండాలని నెహ్రూ కోరుకున్నా కాంగ్రెస్ వాళ్ళు పడనివ్వలేదు. పటేల్ పోయాక కొన్నాళ్ళు కేంద్ర హోం మంత్రిగా పనిచేశారు.

తెలుగువాళ్ళకు ఆయన మీద కోపం ఎందుకు?

1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు మెజారిటీ రాలేదు. 375 సీట్లలో 152 మాత్రమే. తెలుగు జిల్లాల్లో అయితే చావుదెబ్బ. ప్రకాశం పంతులుగారు ప్రతిపక్షాలన్నిటినీ కూడగట్టి ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్నారు. అప్పుడు కాంగ్రెస్ 73 ఏళ్ళ రాజాజీని పిలిచింది. ఎన్నికల్లో నిలబడని ఆయన్ను గవర్నరు విధానమండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రి పీఠం ఎక్కించారు. జనం ఓటేయకుండా ముఖ్యమంత్రి కావడం ఏమిటని పంతులుగారి పక్షం అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే పదవిలోకి రాగానే రేషను, ధాన్యం కంట్రోళ్ళు ఎత్తేసి రాజాజీ జనం మెప్పు పొందారు. ప్రభుత్వం అడ్డు తప్పుకుంటే సరుకు దానంతట అదే బజారుకొస్తుందన్న ఆయన నమ్మకానికి అక్కడే బలం దొరికింది.

అదే ఏడు అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. దీక్షలకు లొంగి రాష్ట్రాలు ఇవ్వకూడదన్నది రాజాజీ పట్టు. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములుగారు కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. ఇక మద్రాసు నగరం మాటకొస్తే, కొత్త రాష్ట్రానికి తాత్కాలిక రాజధానిగా కూడా ఇవ్వనివ్వలేదు రాజాజీ. 1953 అక్టోబరు 1న కర్నూలులో డేరాల కింద ఆంధ్ర ప్రభుత్వం మొదలైంది. బళ్ళారి మైసూరుకు పోయింది, హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. సరిహద్దుకు ఇవతల మిగిలిన మనకు ఆ ఏడాది ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

మరుసటేడు ఆయన కుర్చీ కూడా కదిలింది. పల్లె పిల్లలు పూటంతా కాకుండా సగం పూటే బడికొచ్చి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవాలని 1953లో పథకం పెట్టారు. అది కులవృత్తి చదువేనని ద్రావిడ ఉద్యమకారులు రోడ్డెక్కారు. సొంత పార్టీ వాళ్ళు కూడా మోయలేకపోయారు. 1954 ఏప్రిల్‌లో దిగిపోయారు, కామరాజ్ వచ్చారు. తనకు సబబనిపిస్తే చాలు, జనాన్ని, పార్టీని ఒప్పించే పని తర్వాత చూసుకుందాం అన్నట్టుండేది రాజాజీ పద్ధతి. సొంత పార్టీ పెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు.

చుక్క పొడిచింది

1957లో కాంగ్రెస్‌ను వదిలారు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయం చేయాలని తీర్మానించింది. రైతు భూమి రైతు చేతిలోంచి పోతుందన్న భయం పుట్టింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి.రంగా ఆ తీర్మానానికి ఎదురు తిరిగి కాంగ్రెస్ వదిలారు. ఆ ఏడు జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటన జరిగింది. రంగా అధ్యక్షుడు, బొంబాయి పార్సీ మీనూ మసానీ ప్రధాన కార్యదర్శి. రాజాజీ ఏ పదవీ తీసుకోలేదు. కానీ పార్టీ అంటే ఆయనే.

వ్యాపారానికి, పరిశ్రమకు అడుగడుగునా సర్కారు అనుమతి కావాల్సిన పద్ధతికి పర్మిట్ లైసెన్సు రాజ్యం అని పేరు పెట్టింది ఆయనే. ఆ మాట ఇప్పటికీ పత్రికల్లో వాడుతున్నాం.

పార్టీలోకి వచ్చినవాళ్ళు రకరకాలు. కోస్తా రైతులు, బొంబాయి వ్యాపారులు, గుజరాత్ పటేళ్ళు, రాజస్థాన్, బీహార్, ఒడిశా సంస్థానాధీశులు. ఒకళ్ళ భాష ఒకళ్ళకు అర్థం కాదు. కలిపి ఉంచింది కాంగ్రెస్ సోషలిజం మీద వ్యతిరేకత, రాజాజీ మీద గౌరవం. మూల సూత్రాలు మినహా మిగతా ఏ విషయంలోనైనా సభ్యులు తమ ఇష్టం వచ్చినట్టు ఓటేయొచ్చని పార్టీ రూలు. వినడానికి బాగుంది. ఊళ్ళో బూత్ దగ్గర కూర్చునే కార్యకర్తకు మాత్రం పార్టీ మాట ఏదో తెలియాలి కదా.

1962లో తొలి సార్వత్రిక ఎన్నికలు. 18 లోక్‌సభ సీట్లు, 7.9 శాతం ఓట్లు. జైపూర్ మహారాణి గాయత్రీదేవి భారీ మెజారిటీతో గెలిచారు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 19 మంది. రాజాజీ సొంత మద్రాసులో ఆరుగురే. అధ్యక్షుడు రంగా సార్వత్రిక ఎన్నికల్లో ఓడి, అదే ఏడు చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్ళారు. బీహార్‌లో పార్టీని రామ్‌గఢ్ రాజావారు తన జేబులో పెట్టుకొచ్చారు, తర్వాత అదే జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. రాజుల మీద ఆధారపడితే వచ్చే కష్టం అంత త్వరగానే తెలిసొచ్చింది.

ఒడిశాలో కథ వేరు. అక్కడి గణతంత్ర పరిషత్ స్వతంత్రలో కలిసింది. 1967లో 140 సీట్ల అసెంబ్లీలో 49 గెలిచి, జన కాంగ్రెస్‌తో కలిసి ఆర్.ఎన్.సింగ్‌దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో స్వతంత్ర పార్టీకి దక్కిన ముఖ్యమంత్రి ఆయనొక్కరే. బరంపురం, రాయగడ తెలుగువాళ్ళలో పెద్దవాళ్ళకు ఆ సర్కారు గుర్తుండే ఉంటుంది.

1967 పార్టీకి మంచి ఏడు. లోక్‌సభలో 44 సీట్లు, 8.7 శాతం ఓట్లు, జనసంఘ్ కంటే, కమ్యూనిస్టుల కంటే ముందు. గుజరాత్ అసెంబ్లీలో 66, ఆంధ్రలో 29. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఎవరూ ఊహించని పని చేశారు. 1938లో హిందీ పెట్టినందుకు తనమీద దుమ్మెత్తిపోసిన ద్రావిడ ఉద్యమంలోంచి పుట్టిన డీఎంకేతో చేయి కలిపారు. అప్పటికి ఆయనే హిందీకి వ్యతిరేకి, ఇంగ్లీషు ఉండాలనే మనిషి. అన్నాదురై సొంత మెజారిటీతో ముఖ్యమంత్రి అయ్యారు. స్వతంత్రకు అసెంబ్లీలో 20 సీట్లొచ్చాయి గానీ ప్రభుత్వంలో చోటు రాలేదు. హిందీ మీద ఆయన పట్టు ఉత్తరాది స్వతంత్ర నాయకులకు వాళ్ళ ఊళ్ళలో తలనొప్పి తెచ్చింది.

ఎక్కడ జారింది?

44 సీట్లున్నా సభలో పదో వంతు లేదు కాబట్టి ప్రతిపక్ష నేత హోదా రాలేదు. 1969లో కాంగ్రెస్ చీలితే ఆ హోదా పాత కాంగ్రెస్‌కు దక్కింది. అంటే ఇందిరమ్మకు ఎదురుగా కూర్చునే కుర్చీలోకి వేరేవాళ్ళు వచ్చేశారు. రంగా 1967లో కూడా ఉప ఎన్నిక ద్వారానే సభకు వచ్చారు, సర్దార్ గౌతు లచ్చన్న ఖాళీ చేసిన శ్రీకాకుళం నుంచి. పార్టీ పెద్దకే సొంత నియోజకవర్గం కుదరలేదు.

1969 వేసవి తర్వాత ఇందిరాగాంధీ వరసగా దెబ్బలు వేశారు. జూలై 19న 14 బ్యాంకులు జాతీయం చేశారు. స్వతంత్ర పార్టీ మనిషే అయిన కూపర్ సుప్రీంకోర్టుకెళ్ళి 1970లో ఆ చట్టం కొట్టేయించారు. కోర్టులో గెలుపు, బజార్లో ఓటమి. బ్యాంకు మెట్లెక్కని పేదవాడికి ఇందిరమ్మ తన పక్షాన ఉన్నట్టు అనిపించింది, స్వతంత్ర బ్యాంకు యజమానుల పక్షాన ఉన్నట్టు కనబడింది. కంపెనీలు పార్టీలకు చందాలివ్వకూడదని 1969లోనే చట్టం వచ్చింది. వ్యాపారుల డబ్బు మీద నడిచే పార్టీకి అది గట్టి దెబ్బ. తర్వాత రాజభరణాల రద్దు మాట. రాజుల పార్టీ అన్న ముద్ర ఇంకా బలపడింది.

అదే ఏడు రాష్ట్రపతి ఎన్నిక. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఒకవైపు, అనంతపురం నీలం సంజీవరెడ్డి మరోవైపు. స్వతంత్ర, జనసంఘ్ కలిసి సి.డి.దేశ్‌ముఖ్‌ను మూడోవాడిగా నిలబెట్టాయి. గిరి గెలిచారు. అక్కడ కూడా ఆట ఇద్దరి మధ్యే, మూడోవాడు ప్రేక్షకుడు.

గుజరాత్‌లో పార్టీకి ప్రాణం పోసిన భాయికాకా 1970లో పోయారు. ఒడిశాలో జన కాంగ్రెస్ తప్పుకోవడంతో 1971 జనవరిలో సింగ్‌దేవ్ ప్రభుత్వం పడిపోయింది. మద్రాసులో రాజాజీకి తొంభై రెండేళ్ళు. ఆయన తర్వాత ఎవరన్నదానికి పార్టీలో జవాబు లేదు. మసానీ మేధావి, పార్లమెంటులో దిట్ట, కానీ పల్లెలో ఓట్లు రాబట్టే మనిషి కాదు. రంగాకు పల్లె తెలుసు, కానీ ఆంధ్ర దాటితే పట్టు తక్కువ. రాజాజీ వ్యాసాలు రాశారు, సలహాలిచ్చారు, ఉత్తరాలు రాశారు. జిల్లా కమిటీలు కట్టే పని మాత్రం ఎవరికీ అప్పజెప్పలేదు. నా దృష్టిలో పార్టీని ముంచింది సోషలిజం గాలి ఒక్కటే కాదు, ఇది కూడా.

1971 మధ్యంతర ఎన్నికలకు పాత కాంగ్రెస్, జనసంఘ్, ఎస్ఎస్‌పీలతో కలిసి మహాకూటమి కట్టారు. సోషలిస్టులతో, సోషలిజానికి బద్ధ వ్యతిరేకులు! ఇందిరను దించడం తప్ప ఉమ్మడి మాట లేదు. ఆమె పేదరికం పోగొడతానని ఊరూరా తిరిగారు. తమిళనాడులో రాజాజీ తన పాత ప్రత్యర్థి కామరాజ్‌తో కలిశారు, ఈసారి డీఎంకేకు ఎదురుగా. 1967లో డీఎంకేకు ఓటేయమన్న పెద్దాయన 1971లో వద్దంటే జనం ఎటు పోవాలి?

ఫలితం తెలిసిందే. ఇందిర కాంగ్రెస్‌కు 352. స్వతంత్రకు 8. ఓట్లు 3.1 శాతం. సర్దుబాట్లలో సీట్లు వదులుకోవడం వల్ల పోటీ చేసిందే 60 లోపు, అంతకుముందు 180 దాకా నిలబడేవారు. కాబట్టి ఓట్ల శాతం పడిపోవడంలో కొంత లెక్క తేడా ఉంది. కానీ నిలబడిన చోట కూడా గెలవలేకపోయారన్నది దాచలేం. రంగా శ్రీకాకుళంలో, మసానీ రాజ్‌కోట్‌లో ఓడిపోయారు. మసానీ పార్టీ అధ్యక్ష పదవి వదిలేశారు. గోధ్రాలో గెలిచిన పీలూ మోదీ చేతికి పగ్గాలొచ్చాయి.

రాజాజీకి ఎన్నికల ఓటమి కంటే బాధ కలిగించింది వేరే ఉంది. 1971లో కరుణానిధి ప్రభుత్వం మద్యనిషేధం ఎత్తేయాలనుకుంది. తొంభై దాటిన ఆ మనిషి స్వయంగా ముఖ్యమంత్రి ఇంటికెళ్ళి వద్దని అడిగారు. వినలేదు. ఆగస్టు 30 నుంచి నిషేధం ఎత్తేశారు. 1937లో సేలంలో తాను మొదలుపెట్టిన పని కళ్ళముందే పోయింది. వ్యాపారంలో సర్కారు జోక్యం వద్దనే మనిషి కల్లు విషయంలో మాత్రం సర్కారే అడ్డం పడాలన్నాడేమిటని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. ఆయన లెక్కలో ఆ రెండూ వేరు. కూలివాడి ఇంటి పొయ్యి వెలగడం ఆయనకు సిద్ధాంతం కంటే పెద్దది.

1972 డిసెంబరు 25న మద్రాసు ప్రభుత్వాసుపత్రిలో రాజాజీ కన్నుమూశారు. అప్పటికి తొంభై నాలుగేళ్ళు. పార్టీ మరో ఏడాదిన్నర పైచిలుకు లాగింది. 1974 ఆగస్టులో చరణ్‌సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది, చుక్క గుర్తు బ్యాలెట్ పేపరు మీంచి పోయింది. తొలి అధ్యక్షుడు రంగా అంతకు ముందే ఇందిర కాంగ్రెస్‌లో చేరిపోయారు. 1980, 1984, 1989ల్లో గుంటూరు నుంచి ఆ పార్టీ టికెట్ మీదే లోక్‌సభకు గెలిచారు. 1995లో మరణించారు.