భయానక శిల్పి హిచ్‌కాక్

భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. నిజజీవితంలో భయం బాధాకరమే అయినా, రంగస్థలం మీద, వెండితెర మీద దానిని చూసి మానవుడు ఆనందిస్తాడు. అయితే కథలో ప్రాణాలు తీసేవాడు పిశాచమైతే భయం ఎక్కువా, సాటి మనిషి అయితే ఎక్కువా? ఈ ప్రశ్నకు అర్ధ శతాబ్దపు కళాజీవితంతో సమాధానం చెప్పిన దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్.

హిచ్‌కాక్ 1899 ఆగస్టు 13న లండన్ సమీపంలోని లేటన్‌స్టోన్‌లో జన్మించాడు. తండ్రి విలియం కూరగాయల వ్యాపారి. చిన్ననాడు ఏదో అల్లరి చేసినందుకు తండ్రి తనను చీటీతో ఠాణాకు పంపగా, పోలీసు అధికారి కొద్ది నిమిషాలు గదిలో బంధించాడని ఆయన పెద్దయ్యాక తరచుగా చెప్పుకొనేవాడు. పోలీసులంటే భయం ఆయనను జీవితాంతం వీడలేదు.

1914లో తండ్రి మరణించాడు. హిచ్‌కాక్ టెలిగ్రాఫ్ తీగలు తయారుచేసే సంస్థలో ఉద్యోగం చేస్తూ చిత్రలేఖనం అభ్యసించాడు. ఆ నేర్పుతోనే చిత్రరంగంలో ప్రవేశించి, మూకీ చిత్రాలలో సంభాషణలను తెలిపే అక్షర ఫలకాలను రూపొందించాడు. 1924లో పనిమీద జర్మనీ వెళ్లినప్పుడు మూర్నౌ అనే దర్శకుని చిత్రీకరణను దగ్గరగా పరిశీలించాడు. రక్తపిశాచి కథతో 1922లో 'నోస్ఫెరాటు' తీసినవాడు ఆ మూర్నౌయే. మాటలు లేకుండా వెలుగునీడలతో కథ చెప్పే విద్యను హిచ్‌కాక్ అక్కడ నేర్చాడు. పిశాచాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

1927లో విడుదలైన 'ది లాడ్జర్' ఆయనకు పేరు తెచ్చింది. లండన్‌లో వరుస హత్యలు జరుగుతున్న రోజులలో ఒక ఇంట కొత్తగా అద్దెకు దిగిన యువకుడే హంతకుడని ఇంటివారు అనుమానిస్తారు. చివరకు జనసమూహం అతనిని తరిమి కొడుతుంది. తీరా చూస్తే అతడు నిర్దోషి. ఈ చిత్రంలో హంతకుని కన్న భయపెట్టేది అనుమానమే.

1926లో ఆయన సహచర కళాకారిణి ఆల్మా రెవిల్‌ను వివాహమాడాడు. ఆయన చిత్రాల రచనలోను, కూర్పులోను ఆమె సలహాలకు విలువ ఎక్కువ. 1939లో ఆ దంపతులు అమెరికా చేరుకున్నారు. 1943లో తీసిన 'షాడో ఆఫ్ ఎ డౌట్'లో హంతకుడు ప్రశాంతమైన చిన్న పట్టణానికి బంధువుగా వస్తాడు. మేనకోడలు ఎంతో ప్రేమించే మేనమామే వితంతువులను చంపినవాడు. రక్తపిశాచి పాడుపడిన కోటలో ఉంటుంది. ఈ హంతకుడు మనతో కూర్చుని భోజనం చేస్తాడు.

ఈ ఆలోచనకు పరాకాష్ఠ 1960లో వచ్చిన 'సైకో'. రాబర్ట్ బ్లాక్ నవల దీనికి ఆధారం. నిర్మాణ సంస్థ వెనుకంజ వేయగా హిచ్‌కాక్ స్వయంగా పెట్టుబడి పెట్టాడు. టెలివిజన్ సాంకేతిక బృందంతో, నలుపు తెలుపులలో, సుమారు 8 లక్షల డాలర్ల వ్యయంతో చిత్రాన్ని ముగించాడు. ఒక నిమిషం కూడా నిడివి లేని స్నానాల గది హత్యా సన్నివేశానికి 7 రోజులు పట్టింది. కత్తి దేహాన్ని తాకిన దృశ్యం దాదాపు కనిపించదు. కూర్పు, హెర్మన్ సమకూర్చిన తీగవాద్యాల ధ్వని కలిసి ప్రేక్షకుని ఊహను రగిలించాయి.

అందులో అంతకన్న గొప్ప శిల్పం మరొకటి ఉంది. గుట్టమీది మేడలోని వృద్ధురాలే హంతకి అని ప్రేక్షకులు నమ్ముతారు. ఇంతలో ఆమె పదేళ్ల క్రితమే మరణించిందని తెలుస్తుంది. మరి మేడలో తిరుగుతున్నది ఎవరు? ఒక్క క్షణం దెయ్యం తలపుకు వస్తుంది. చివరికి తల్లి వేషంలో హత్యలు చేస్తున్నది, వినయంగా మాట్లాడే ఆమె కుమారుడేనని తేలుతుంది. దెయ్యం లేదని తెలిసినా ప్రేక్షకుని మనసు తేలికపడదు; మరింత కలవరపడుతుంది.

అలాగని పిశాచ కథలకు బలం లేదనలేము. 1973లో 'ది ఎక్సార్సిస్ట్' ప్రేక్షకులను గడగడలాడించింది. 1978లో కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' మధ్యేమార్గం తొక్కింది. అందులోని హంతకుడు మనిషే. కాని ముసుగు ధరిస్తాడు, తూటాలు తగిలి మేడపైనుండి పడినా మాయమౌతాడు. 'సైకో' నాయిక జానెట్ లీ కుమార్తె జేమీ లీ కర్టిస్ ఇందులో నాయిక కావడం విశేషం. హిచ్‌కాక్ కూడా 1963లో 'ది బర్డ్స్'లో కారణం చెప్పకుండానే పక్షులను మనుషులపైకి ఉసిగొల్పాడు.

ఉత్తమ దర్శకునిగా 5 పర్యాయాలు ఆస్కార్‌కు ప్రతిపాదన పొందినా ఆయనకు ఆ బహుమతి దక్కలేదు. 1980 ఆరంభంలో బ్రిటన్ 'సర్' బిరుదుతో గౌరవించింది. అదే ఏడాది ఏప్రిల్ 29న లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశాడు.

రక్తపిశాచికి సిలువ ఉంది, సూర్యోదయం ఉంది. మనిషిలోని క్రౌర్యానికి అటువంటి విరుగుడు లేదు. దానిని ముఖం చూసి గుర్తించలేము. గుర్తించామనుకుని తొందరపడితే 'ది లాడ్జర్'లోని జనసమూహం వలె మనమే హంతకులం కావచ్చు. దెయ్యాన్ని ఎదుర్కోవడానికి ధైర్యం చాలు. మనిషిని గుర్తించడానికి వివేకం కావాలి. హిచ్‌కాక్ చిత్రాలు నేటికీ భయపెట్టడానికి కారణం ఇదే.