తాండ్ర పాపారాయుడు

బొబ్బిలి ప్రభువు రంగారావునకు బావమరిది, రాజాం కోటకు రక్షకుడు తాండ్ర పాపారాయుడు. కత్తిపోరులో అతనికి సాటి లేరని ప్రతీతి. కాని 1757 జనవరి 24న బొబ్బిలిని కూల్చినది కత్తి కాదు. విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షమున బుస్సీ దొర నడిపించిన ఫ్రెంచి ఫిరంగులు. మట్టికోట బురుజులకు గండ్లు పడెను. ఆ గండ్ల కడనే వెలమ వీరులు మధ్యాహ్నము వరకు శత్రువును నిలిపిరి. ఆశ యుడుగగా తమ స్త్రీలను, బిడ్డలను తామే కడతేర్చిరి. దీనిని పొగడుటకు నోరు రాదు.

రాజాములోనున్న పాపారాయునకు వార్త ఆలస్యముగా చేరెను. వచ్చునప్పటికి కోట బూడిద. పగటివేళ ఫిరంగుల నెదుర్కొనుట అసాధ్యము. చీకటిలో అవి నిరుపయోగములు. మూడవ రాత్రి ఆయన శిబిరము జొచ్చి, డేరాలో నిదురించుచున్న విజయరామరాజును బాకుతో పొడిచి చంపి, అక్కడనే ప్రాణములు విడిచెనని చెప్పుదురు.